ఓడినవాడి చాయ్

మా ఆయన యెషయా ఒకప్పుడు పేరున్న గోల్‌కీపర్. మోకాలు దెబ్బతిని ఆట మానేశాక పంజగుట్టలో ఒక దుకాణానికి కాపలా ఉంటున్నారు. ఆడే రోజుల్లో ప్రాక్టీసు అయ్యాక స్నేహితుడు మోసెస్ అన్న చివరి బంతి కొట్టేవాడు. ఓడినవాడు చాయ్ పెట్టాలి. ఎప్పుడూ మా ఆయనే పెట్టారు. మోసెస్ అన్న చనిపోయాక, ఆ బంతిని ఒక్కసారీ పట్టలేదన్న బెంగ ఆయనకు అలాగే మిగిలింది.

నిన్న ప్రార్థన ముగిశాక కరెంటు పోయింది. ఇంటికి తాళం వేసి, మధురానగర్‌లోని మా డాబా మీదికి వెళ్లాం. ఆయన పాత బంతిని ట్యాంకు వైపు తన్నారు. గోడకు తగిలిన చప్పుడు రాలేదు.

తర్వాత చీకట్లోంచి ఎవరో తన్నినట్టు బంతి వంపు తిరిగి దూసుకొచ్చింది. మోకాలి సంగతి మరిచి ఆయన ఎగిరి పట్టుకున్నారు.

“ఇగ చాయ్ నువ్వే పెట్టాలె అన్నా,” అంటూ పడీ పడీ నవ్వారు.

“ఎవలతోని మాట్లాడుతున్నరు?” అన్నాను.

“మోసెస్‌తోని. నువ్వు సుత చూసినవ్ గద జీవమణీ, రేపు పట్టలేదంటడు.”

పోయినవాళ్లు ప్రభువు దగ్గర విశ్రాంతిలో ఉంటారని మా నమ్మకం. ఆడుకోవడానికి ఆయన సెలవిస్తాడా?

మెట్లు దిగుతుంటే అల్లం వాసన వచ్చింది. మా ఇంట్లో ఉండేది మేమిద్దరమే. తాళం తీశాను. స్టవ్ మీద చాయ్ మరుగుతోంది.