మూడు బెల్లులు

రెండో షిఫ్టు ముగించుకుని నరసాపురం ఫ్యాక్టరీ నుంచి పాత బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లోని ఇంటికి చేరేసరికి మునేష్‌కు రాత్రి పన్నెండు దాటింది. ఒళ్ళు హూనమైపోయింది. అయినా కొత్త రౌటర్ పెట్టె విప్పాడు, పొద్దున్నే కూతురికి ఆన్‌లైన్ పరీక్ష మరి.

ప్లగ్గు పెట్టాడు. ఇంటర్నెట్ వైరు ఇంకా తగిలించనేలేదు. ఎర్ర లైటు మూడుసార్లు వెలిగి ఆగింది. మళ్ళీ మూడుసార్లు.

నిద్ర లేచి వచ్చిన అత్త చెన్నమ్మ దాన్నే చూస్తూ నిలబడిపోయింది.

"గనిలో ఇట్లే బెల్లు కొడతా ఉండ్రి. మూడంటే గనిలోకి దింపి పైకి లాగే బోనులో మనుషులెక్కినారని. ఒగటంటే పైకొచ్చేసినారు, బోను నిలిపేయమని."

"గని మూసేసి ఇరవై ఏండ్లు దాటింది గదత్తా. పో, పండుకో."

"మూసినారు. మీ మామ ఇంగా పైకి రాలేదు గదప్పా."

ఆమె వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది. షిఫ్టు దిగి వచ్చే మనిషికి స్నానానికి నీళ్ళు కాచడం ఆమెకు పాత అలవాటు.

వాదించే ఓపిక లేక మునేష్ ప్లగ్గు పీకేశాడు.

లైటు ఆరలేదు. ఒక్కసారి వెలిగి, అప్పుడు ఆరింది.

వంటింట్లో నీళ్ళు మరుగుతున్నాయి. గడప అవతల ఎవరో బూట్లకంటిన మట్టి దులుపుకుంటున్నారు.