తప్పులేనివాడి ప్రీమియం

బళ్ళన్నీ వాటంతటవే నడిచే ఈ రోజుల్లో కూడా, గేటు ముందు ఊరికే నిలబడి దెబ్బలు తినే కారు నాదొక్కటే. మొదట పాలబండి గుద్దింది, తర్వాత స్కూలు బస్సు, మొన్న ఎదురింటి పైడిరాజు గారి కారు. నేను ముగ్గురికీ "పర్లేదండీ" అని చెప్పి పంపించి, రిపేర్లకి నా ఇన్సూరెన్సే వాడుకున్నాను.

రెన్యువల్‌లో ప్రీమియం రెట్టింపైంది. ఫోన్ చేస్తే ఇన్సూరెన్స్ కంపెనీ మిషను మర్యాదగా మాట్లాడింది.

"తప్పు నాది కాదు కదమ్మా?"

"కాదండీ, అదే ఇబ్బంది. తప్పు చేసినవాళ్ళకి మేం నేర్పుతాం, మళ్ళీ చెయ్యరు. మీలో దిద్దడానికి తప్పే లేదు. ఇంక మిమ్మల్ని ఎలా బాగుచెయ్యాలి?"

మా ఆవిడ సుభాషిణి అంతా విని, "దిష్టండీ" అని తేల్చేసింది.

"ఆ డొక్కు కారుకి దిష్టేమిటే?" అన్నాను. అనడం వరకే నా ధైర్యం. బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, కారు చుట్టూ తిప్పి, గేటు ముందు పగలగొట్టాను. ముక్కలు ఎత్తబోతే, "దిష్టి తీసినవి ముట్టుకోకూడదు" అని చెయ్యి లాగేసింది.

సాయంత్రం ఆఫీసు నుంచి వస్తున్న పైడిరాజు గారి కారు ఆ గుజ్జు మీద జారి, సరిగ్గా నా కారుకే తగిలింది.

మిషనే ఫోన్ చేసింది. "శుభాకాంక్షలండీ! ఈసారి తప్పు పూర్తిగా మీదే. రోడ్డు మీద గుమ్మడికాయ కొట్టకూడదని నేర్పితే చాలు. ప్రీమియం తగ్గించాం."

"చూశారా, దిష్టి పోయింది!" అంది సుభాషిణి.

బతుకులో మొదటిసారి పనికొచ్చే తప్పొకటి చేస్తే, ఆ పేరు కూడా గుమ్మడికాయే కొట్టేసింది.