గేటు దగ్గర మాటలు

"రేపట్నించి నువ్వు పనికి రావద్దు," అన్నాడు జయరామ, పైనున్న కూలీ కేశవన్‌ను కిందికి పిలిచి.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది అది. తిరువళ్ళూరు దగ్గర ఓ కొత్త ఫ్యాక్టరీకి పొగగొట్టం లేస్తోంది. దాని చుట్టూ కట్టే పరంజాకు, కూలీల మాటలో సారానికి, జయరామ సూపర్‌వైజరు. అతను ఎక్కి చూసి సరేనన్నాకే మిగతావాళ్ళు ఎక్కాలి.

మధ్యాహ్నం అన్నం తెచ్చే భార్య, గేటు దగ్గర కేశవన్‌తో గుసగుసలాడి గానీ లోపలికి రావడం లేదు. తనతో నాలుగు మాటలైనా మాట్లాడని మనిషికి ఈ పడుచువాడితో అంత ముచ్చటేమిటని జయరామ ఉడికిపోతున్నాడు.

"నేనేం చేసినాన్నా?"

"నా పెండ్లాంతో నీకేం మాటలురా?"

కేశవన్ తల వంచుకున్నాడు. "పైకి పోతే నీకు తల తిరగతాదంట కదన్నా. నువ్వు ఎక్కేదానికి ముందే సారం బిగింపులన్నీ నన్ను చూడమన్నాది వదిన. నీకు చెప్పొద్దనింది."

జయరామ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఆ సంగతి నేను ఇంట్లో చెప్పనేలేదే."

"నిద్దట్లో మంచంపట్టె గట్టిగా పట్టుకొని, పడిపోతాండా, పడిపోతాండా అంటావంటన్నా. దినామూ."