సగం కట్టిన గూడు

కొన్న గూట్లోకి తల పెట్టి చూశాను. దానికి అడుగు లేదు.

మా తుమ్మచెట్టుకి గిజిగాళ్లు కొత్తగా వచ్చి గూళ్లు అల్లడం మొదలుపెట్టాయి. "సగం కట్టినప్పుడే కొనాలే ఉడుతపిల్లా! పూర్తయ్యాక నీకందుతుందా?" అన్నాడు గోరింక మామ. వానాకాలానికి దాచుకున్న పల్లీలన్నీ ఇచ్చేశాను. అందరూ ఇలాగే కొని, ఎక్కువకి అమ్ముతున్నారు. ఒక్కరూ కాపురం పెట్టలేదు.

మామనడిగితే నవ్వాడు. "కట్టే గిజిగాడు దాన్ని సగంలోనే వదిలేసి పోయాడు. లోపలికి చూడనోళ్లెవరికైనా అమ్మెయ్."

ఇప్పుడు పిచ్చుకక్క వచ్చి కొమ్మ మీద కూర్చుంది. "చెల్లీ, రేపో మాపో గుడ్లు పెడతాను. రెట్టింపు గింజలిస్తా, ఆ గూడు నాకివ్వవూ?"

అమ్మకపోతే ఈ వానలకి నాకు తిండి లేదు. అమ్మితే ఆ గుడ్లు నేలపాలు. అక్క జవాబు కోసం చూస్తోంది. మీరే చెప్పండి, నేనేం చెయ్యాలి?