హారతి గొంతు

కొత్త మైకులో రికార్డు చేసినా కూతురు హారతి గొంతు నర్సింగానికి మసకగానే వినిపించింది. సూరత్ మరమగ్గాల కార్ఖానాలో పనిచేసే నర్సింగం, నవాగామ్‌లోని తమ గది గోడలకు బొంతలు కట్టి, వీడియోలు చూసి నేర్చుకుని ఆమె పాటలు తానే రికార్డు చేస్తున్నాడు.

లాప్‌టాప్‌లో ట్రెబుల్, అంటే సన్నటి శబ్దాల మోత, చివరిదాకా పెంచాడు.

"తగ్గించు బాపూ! చెవుల సూదులు గుచ్చినట్టున్నది," అంది హారతి.

"గిప్పుడే జర సాఫ్ అయింది బిడ్డా. ఈ మైకు గూడ బేకారే. ఇంకోటి తెస్త."

హారతికి అనుమానం వచ్చింది. ఆయనకు హెడ్‌ఫోన్లు పెట్టింది. "సాఫ్ట్‌వేర్ల సన్నటి కూత ఒకటున్నది. పెడత, ఇనవడంగనే చెయ్యెత్తు."

నర్సింగం కళ్లు మూసుకుని కూర్చున్నాడు. కాసేపటికి విసుగొచ్చింది.

"ఇంక పెడ్తలేవేందే?"

కూత ఎప్పుడో మొదలైంది. హెడ్‌ఫోన్ల నుంచి బయటికొచ్చి, పక్కనున్న హారతికే వినిపిస్తోంది.

ఆమె హెడ్‌ఫోన్లు తీసేసింది. "మైకు మంచిగనే ఉన్నది బాపూ. మగ్గాల చప్పుడుకు నీ చెవులే పోయినయ్."

నర్సింగం ట్రెబుల్ తిరిగి తగ్గించాడు.

"నువ్వు పుట్టకముందు నుంచే కార్ఖాన్ల ఉన్న," అన్నాడు. "అంటే నీ అసలు గొంతు నేనెన్నడు ఇన్లేదా బిడ్డా?"