పోపు వేళ జ్వరం

చారులో పోపు పెట్టబోతుంటే, ఒంటి వేడి చూసే నా చేతి పట్టీ మళ్ళీ కూత పెట్టింది. "జ్వరం నూట రెండు. వెళ్ళి పడుకోండి" అంది గోడ. స్టవ్ దానంతటదే ఆరిపోయింది.

"పట్టీ తీసేసి వండమని ఎన్నిసార్లు చెప్పాను?" అన్నారు మావారు.

"తీస్తే ఒళ్ళు చల్లబడిపోయిందనుకుని అంబులెన్సు వస్తుంది. మొన్న వచ్చిందిగా! మీరే వచ్చి పెట్టండి పోపు."

ఈ పట్టీ లేని చెయ్యి ఇప్పుడు ఊళ్ళో లేదు. మొదటి పట్టీని పరిశోధన కేంద్రంలో తయారుచేసింది మాతోనే ఉండే మా ఆడపడుచు ఇందుమతి. ఇరవై ఏళ్ళ కిందట దాన్ని నా చేతికే అంటించి, వంటగది గట్టు మీద కూర్చుని, పల్లీలు నములుతూ నా ఒంటి వేడి రాసుకునేది. ఆ కబుర్లలో ఎన్ని కూరలు మాడ్చానో! తర్వాత పరీక్షలన్నీ ఏసీ గదుల్లో, కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ మీద జరిగాయి. పొయ్యి సెగకీ జ్వరానికీ తేడా పట్టీకి నేర్పడం అందరూ మరిచారు.

ఆ మధ్యాహ్నం పోపు లేని చారు కలుపుకుంటూ ఇందుమతి, "అన్నయ్యా, ఉద్యోగం మానేశాను" అంది.

మావారి చెయ్యి కంచంలో ఆగిపోయింది. "డైరెక్టరువి కాబోతూనా?"

"వంట చేసేవాళ్ళకి వేరే పట్టీ చేద్దామంటే, అందులో పరిశోధన ఏముందని ఆరేళ్ళుగా నవ్వుతున్నారు. సొంతంగా కంపెనీ పెట్టి నేనే చేస్తా."

"ఎవరి మీద పరీక్షిస్తావు?"

"ముందు వదిన మీదే. భాగస్వామిగా తన పేరు కూడా రాయమంది."

మావారు నావైపు తిరిగారు.

"సోమవారం నుంచి వంటగది మా ఆఫీసు" అన్నాను. "తలుపు కొట్టి రండి."