స్లాబులో కొక్కెం

మీరు నవ్వారు. భూలక్ష్మి మాట్లాడుతుంటే, పంజాగుట్టలో ఆ హాలులో కూర్చుని పళ్లికిలించి నవ్వారు.

విదేశీ పరిశోధనా సంస్థ తన భవనానికి యాభై ఏళ్లు నిండాయని అక్కడ సభ పెట్టి చరిత్ర పుస్తకం విడుదల చేసింది. వరండా స్లాబులో ఉన్న ఇనుప కొక్కెం దీపం కోసమేనని అందులో రాశారు. సోమవారం దాన్ని కోసేసి కొత్త ఇత్తడి దీపం వేలాడదీస్తారట.

వెనక వరసలోంచి భూలక్ష్మి లేచింది. డెబ్బై దాటిన మనిషి.

"గా కొక్కెం దీపానికి కాదు సారూ. గీ బంగ్ల కట్టేటప్పుడు మేస్త్రిని బతిమాలి నేనే పెట్టిచ్చిన. నా కొడుకును చీర ఉయ్యాలల పండవెట్టి ఇటుకలు మోసిన."

"రికార్డుల్లో అలా లేదండీ," అన్నాడు డైరెక్టర్ ఫణీంద్ర.

"రికార్డుల మేం లేకుంటే గోడలు ఎవలు లేపిండ్రు? మీ తాత తట్ట మోసిండా?"

అప్పుడు నవ్వారు మీరు. ఆమె మాటకు కాదు, ఆమె యాసకు.

"ఆ కొడుకేడమ్మా మరి?" అని మీలో ఒకరు ఎకసెక్కమాడారు. ముందు వరసలో ఉన్న నా వైపు చూడకుండానే ఆమె కూర్చుంది.

అమీర్‌పేట నుంచి ఆమెను ఆటోలో తెచ్చి వెనక కూర్చోబెట్టింది నేనే. కొక్కెం సంగతి చిన్నప్పటి నుంచీ వింటూ కూడా, ఆ పుస్తకాన్ని అనువదిస్తూ 'దీపం' అని రాసింది నేనే. మీతో కలిసి నవ్విన ఆ కొడుకునూ నేనే.

కొక్కెం కోయొద్దు.

పుస్తకంలో కూలీల పేర్లు వేయాలి.

నా పేరు తీసేయాలి.

సోమవారం ఆ కొక్కెం కింద మా అమ్మకు కుర్చీ వేయాలి.

నవ్విన వాళ్లందరూ రావాలి. నేను ముందుగా వచ్చి నిలబడతాను.